ఎవరు చదవాలని వేసిన ముద్ర? పాత పూతవెండి, గాజు, పింగాణీ సామాను కాలనిర్ణయం

పాత సామాను ఏది చేతికి వచ్చినా ముందు బోర్లించి అడుగు చూడటం సేకర్తలకు అలవాటు. అక్కడి గుర్తును పట్టికతో పోల్చి, తయారీదారు పేరు దొరగ్గానే దాని పక్కనున్న సంవత్సరాన్ని వస్తువు వయసుగా రాసుకోవడమూ అంతే అలవాటు. ఈ పద్ధతి ముద్రను ఒకే ప్రశ్న అడుగుతుంది: అసలుదా, నకిలీదా? దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటుంది: దీన్ని ఎవరు చదవాలని వేశారు? పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల యూరప్ సామాను మీది ముద్రలకు పాఠకులు ముగ్గురు: ప్రభుత్వ అధికారి, కర్మాగారంలో లెక్కలు చూసే గుమాస్తా, దుకాణానికి వచ్చే కొనుగోలుదారు. ముద్ర వీరిలో ఎవరిని ఉద్దేశించిందో తేలితే, దాని తేదీని ఎంతవరకు నమ్మవచ్చో కూడా తేలుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన. అధికారి ముద్ర చట్టపరమైన ఒక చర్య జరిగిన తేదీని చెబుతుంది. గుమాస్తా ముద్ర తయారీ తేదీకి బాగా దగ్గరగా తీసుకెళ్తుంది. కొనుగోలుదారు కోసం వేసిన ముద్ర కంటికి అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది, కాలనిర్ణయానికి మాత్రం అన్నిటికంటే తక్కువగా పనికొస్తుంది.

అధికారి ముద్రకు మంచి ఉదాహరణ ఇంగ్లండు వెండి హాల్‌మార్క్. లండన్‌లో 1478 నుంచి తేదీ అక్షరం, 1544 నుంచి నడిచే సింహం గుర్తు వాడుకలో ఉన్నాయి. 1784 నుంచి 1890 వరకు పన్ను చెల్లించినట్టు రాజు లేదా రాణి తల కూడా కొట్టేవారు. ఇక్కడ వెండి స్వచ్ఛత పరీక్ష జరిగేది ఆ వస్తువు మీదే కాబట్టి అక్షరం చెప్పే ఏడాదికి విలువ ఎక్కువ. లండన్‌లో ఆ అక్షరం చాలాకాలం మే నెలలో మారేది గనుక ఒక్కో అక్షరం రెండు క్యాలెండరు సంవత్సరాల మీదుగా నడుస్తుంది. పట్టికలో ఒక్క ఏడాదే అచ్చయినా దాన్ని జంటగానే చదవాలి. ఈ కాపలా అంతా అసలు వెండికే. రాగి రేకు మీద వెండి రేకును అతికించి సాగదీసే పద్ధతిని షెఫీల్డ్‌లో థామస్ బౌల్సోవర్ 1740ల తొలినాళ్లలో కనుక్కున్నాడు. ఆ పూత సామాను మీద వెండి ముద్రలను పోలిన గుర్తులు వేయకూడదని 1773 చట్టం నిషేధించింది. తరువాత 1784లో, షెఫీల్డ్ చుట్టుపక్కల తయారీదారులు తమ పేరును, ఒక గుర్తును నమోదు చేసుకుని వేసుకోవచ్చని సడలింపు వచ్చింది. మాథ్యూ బోల్టన్ జంట సూర్యుల గుర్తు ఆ ఏడాది నమోదైనదే. అయితే ఈ నమోదులో ఏటా మారే అక్షరం లేదు. కనుక జంట సూర్యులు కనబడితే 1784 తరువాతిదని చెప్పగలం, అంతకు మించి ఏ ఏడాదో చెప్పలేం.

చట్టం వస్తువును కాక నమూనాను తాకినప్పుడు ఏమవుతుందో బ్రిటిష్ నమూనాల రిజిస్టరీ వజ్రాకారపు గుర్తు చూపిస్తుంది. 1842 నుంచి 1883 వరకు నమోదైన నమూనాలకు ఈ గుర్తు వేశారు. పైనున్న వృత్తంలో రోమన్ అంకె పదార్థాన్ని చెబుతుంది: ఒకటి లోహం, రెండు కొయ్య, మూడు గాజు, నాలుగు మట్టి, పింగాణీ. నాలుగు మూలల్లో సంవత్సరం, నెల, రోజు, నమోదు కట్ట సంఖ్య ఉంటాయి. 1842–1867 మధ్య సంవత్సరాక్షరం పై మూలలో ఉండగా, 1868 నుంచి అది కుడి మూలకు మారింది. అచ్చులో నొక్కి చేసిన గాజు పాత్ర మీద ‘వి’ అక్షరం పై మూలలో ఉంటే 1850, కుడి మూలలో ఉంటే 1876. అక్షరం ఒకటే అయినా చోటు మారితే 26 ఏళ్ల తేడా. ఇంత సరిగ్గా చదివినా చేతికొచ్చేది నమూనా నమోదైన రోజు మాత్రమే. గాజు, పింగాణీ నమూనాలకు రక్షణ మూడేళ్లే. గుర్తు మాత్రం ఇనుప అచ్చులోనే చెక్కి ఉంటుంది. అచ్చు పనిచేసినంత కాలం అది ప్రతి పాత్ర మీదా పడుతూనే ఉంటుంది. కాబట్టి వజ్రం గుర్తు ఇచ్చేది పూర్వావధి, అంటే అంతకు ముందు ఆ వస్తువు పుట్టి ఉండదనే హద్దు. ఉత్తరావధిని, అంటే అంతకు తరువాతిది కాదనే హద్దును, వేరేచోట వెతుక్కోవాలి.

గుమాస్తా ముద్రలు చిన్నవి. కొనేవారి కంటికి ఆనేవి కావు. వెడ్జ్‌వుడ్ కర్మాగారం 1860 నుంచి పచ్చి మట్టిలోనే మూడు అక్షరాలు నొక్కేది: మొదటిది నెల, రెండోది కుమ్మరి, మూడోది సంవత్సరం. రాయల్ వర్‌సెస్టర్ 1892 నుంచి తన అచ్చు ముద్ర పక్కన ఏడాదికొక చుక్క చేరుస్తూ వచ్చింది. ఏ పని ఎప్పుడు, ఎవరి చేతిలో జరిగిందో లోపలివాళ్లకు తెలియడం కోసమే ఈ లెక్క గనుక ఇందులో ఎవరినీ మోసగించే అవసరం లేదు. దీనికీ ఒక చిక్కుంది: వెడ్జ్‌వుడ్ సంవత్సరాక్షరాలు 26 ఏళ్లకొకసారి మళ్లీ మొదటికొస్తాయి. మూడో అక్షరం ‘వి’ అయితే అది 1867 కావచ్చు, 1893 కావచ్చు. ఇక్కడ అధికారి ముద్ర సాయానికి వస్తుంది. అమెరికా మెకిన్లీ సుంకం చట్టం వల్ల 1891 నుంచి దిగుమతుల మీద తయారైన దేశం పేరు తప్పనిసరి కావడంతో వెడ్జ్‌వుడ్ ‘ఇంగ్లండ్’ అనే మాట చేర్చింది. ఆ మాట ఉంటే 1893. ఒక ముద్ర రెండు సంవత్సరాలు చూపిస్తే, వేరే పాఠకుడి కోసం వేసిన రెండో ముద్ర వాటిలో ఒకదాన్ని ఎంచిపెట్టింది. ఈ వ్యాసం సూచించే పద్ధతికి ఇదే నమూనా.

కొనుగోలుదారు ముద్రల తీరు వేరు. ఎల్కింగ్టన్ సంస్థ 1840లో పేటెంటు పొందిన విద్యుత్ పూత పద్ధతితో వెండి మెరుపు మధ్యతరగతి బల్లల మీదికి వచ్చింది. లోపల ఉండేది రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం; మనవాళ్లు జర్మన్ సిల్వర్ అనేది దీన్నే, ఇందులో వెండి రవ్వంతైనా ఉండదు. ఈ సామాను అడుగున, నికెల్ మిశ్రమం మీద విద్యుత్ పూత అని చెప్పే ఈ, పీ, ఎన్, ఎస్ అనే నాలుగు అక్షరాలను నాలుగు చిన్న డాలు ఆకారాల్లో వరుసగా కొట్టేవారు. అసలు వెండి మీది గుర్తుల వరుసలాగే కనిపించాలన్నది ఉద్దేశం. షెఫీల్డ్ వెండి పరీక్షా కార్యాలయపు గుర్తయిన కిరీటాన్ని కూడా పూత వ్యాపారులు 1890ల చివరి దాకా వాడుకున్నారు. సంవత్సరాన్నే పేరులో పెట్టుకున్న ముద్ర ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. ‘1847 రోజర్స్ బ్రదర్స్’ అని ఉన్న అమెరికా చెంచాల్లో ఆ అంకె తయారైన ఏడాది కాదు. ఆ పేరుతో సామాను 1862 నుంచి మెరిడెన్ బ్రిటానియా కంపెనీ అమ్మింది, ఇరవయ్యో శతాబ్దంలోనూ అదే అంకెతో చెంచాలు వచ్చాయి. గాజులోనూ ఇదే తంతు. గాజు కళాకారుడు రెనే లాలిక్ 1945లో చనిపోయాక సంస్థ సంతకంలోంచి ‘ఆర్’ అక్షరం పోయింది. ధర కోసం తరువాతి పాత్రల మీద ఆ ఒక్క అక్షరాన్ని చెక్కి చేర్చిన నకిలీలున్నాయి. అమ్మకానికి ఉపయోగపడే గుర్తునే నకిలీదారు ముందుగా ఎంచుకుంటాడు.

ఈ ప్రతిపాదనకు మొదటి ఆక్షేపణ రూపపరిజ్ఞానం ఉన్నవారి నుంచి వస్తుంది: ముద్రలు ఇంత అనుమానాస్పదమైతే వాటిని వదిలేసి ఆకారం, అలంకారం, పనితనం చూసి చెప్పవచ్చు కదా? ఆకారం ముద్రకంటే ఎక్కువ కాలం బతుకుతుంది, సమస్య అదే. మన గోలీసోడా సీసా ఇందుకు సాక్ష్యం. హైరం కాడ్ గోలీ మూతి సీసాకు 1870ల తొలినాళ్లలో పేటెంటు పొందాడు. అదే మెడ, అదే గోలీతో ఆ సీసాలు మన దేశంలో వందేళ్లు దాటినా తయారయ్యాయి. ఆకారం చూసి విక్టోరియా కాలమంటే దశాబ్దాల కొద్దీ పొరపాటు పడతాం. పద్దెనిమిదో శతాబ్దపు షెఫీల్డ్ నమూనాలనూ తరువాత విద్యుత్ పూతతో మళ్లీ మళ్లీ చేశారు. అక్కడ తేడా పట్టిచ్చేది తయారీ విధానం. పాత పద్ధతిలో రేకుకు ముందే వెండి అతికి ఉంటుంది గనుక అతుకు దగ్గర గీత కనిపిస్తుంది, అంచుల్లో రాగి బయటపడుతుంది. విద్యుత్ పూత వస్తువు పూర్తయ్యాక పడుతుంది గనుక ఆ అతుకును కప్పేస్తుంది.

రెండో ఆక్షేపణ దీనికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి: ప్రయోగశాల ఉండగా గుర్తులతో పనేముంది? పింగాణీకి చేసే ఉష్ణదీప్తి పరీక్ష పురాతన మట్టిపాత్రను ఆధునిక నకలు నుంచి వేరుచేయగలదు. 1860ల పళ్లేన్ని 1880ల పళ్లెం నుంచి వేరుచేసేంత సూక్ష్మత దానికి లేదు. పదార్థ విశ్లేషణ బలం మరో చోట ఉంది: ముద్ర అబద్ధమాడితే పట్టుకోవడంలో. ఫ్రాన్స్‌లోని సెవ్ర్ రాజ పింగాణీ కర్మాగారం పెనవేసిన రెండు ‘ఎల్’ అక్షరాల మధ్య 1753 నుంచి తేదీ అక్షరం రాసేది. 1800లో సంచాలకుడైన అలెగ్జాండ్ర్ బ్రోన్యార్ కాలంలో, చిత్రించని తెల్ల పాత్రల పాత నిల్వలు అమ్ముడుపోయాయి. బయటి చిత్రకారులు వాటికి రంగులద్ది, పాత తేదీ అక్షరాలు కూడా రాసుకున్నారు. పాత్ర నిజంగా సెవ్ర్‌దే, చిత్రం కాదు. 1770ల అక్షరం ఉన్న పాత్ర మీద క్రోమియం పచ్చ తేలితే ఆ చిత్రం పాతది కాజాలదు, ఎందుకంటే క్రోమియాన్ని రసాయన శాస్త్రవేత్త వొక్లాన్ 1797లో కనుక్కున్నాడు. శాసనంలోని శక సంవత్సరాన్ని దాని లిపితో సరిచూసి కూట శాసనాన్ని పట్టుకునే మన శాసన పరిశోధకులకు ఈ తర్కం కొత్తది కాదు. ప్రయోగశాల ముద్రను తోసిపుచ్చగలదు గాని దాని స్థానంలో మరో సంవత్సరాన్ని రాయలేదు. కాబట్టి రెండూ కావాలి.

మూడో ఆక్షేపణ బలమైనది: సేకర్తలకు ఇప్పుడు గుమాస్తా ముద్రలు కూడా తెలుసు, నకిలీదారులకూ తెలుసు. అలాంటప్పుడు వాటికి ఎక్కువ విలువ ఎందుకివ్వాలి? నిజమే, ఒంటరి ముద్ర ఏదీ భద్రం కాదు. అయితే గుమాస్తా గుర్తును పచ్చి మట్టిలో నొక్కాలంటే వస్తువునే కొత్తగా చేయాలి. పైన రంగుతో వేసే గుర్తుకు ఆ కష్టం లేదు. పైగా ముగ్గురు పాఠకుల ముద్రలు ఒకదానితో ఒకటి పొసగేలా చేయడం ఒక్క గుర్తును నకలు చేయడంకంటే చాలా కష్టం. ‘ఇంగ్లండ్’ అని ఉన్న పాత్రను 1867 నాటిదిగా చూపిస్తే, లేదా మైసెన్ కత్తుల గుర్తు మీద అడ్డగీతలు గీసి ఉండి పాత్రను మేలురకంగా అమ్ముతుంటే, వైరుధ్యమే సాక్ష్యం అవుతుంది. మైసెన్ కర్మాగారం నాసిరకాన్ని, చిత్రించకుండా అమ్మినవాటిని అలా గీసి వేరుచేసేది. ముద్ర లేకపోవడాన్ని మాత్రం ఇలా వాడుకోకూడదు. దేశం పేరు లేనంత మాత్రాన పాత్ర 1891కి ముందుది కాదు. ఆ చట్టం అమెరికాకు వెళ్లే సరుకుకే వర్తించింది, స్వదేశంలో అమ్మినవాటికి కాదు.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరణ పునాదిగా 1951లో హైదరాబాదులో తెరుచుకున్న మ్యూజియంలో యూరప్ పింగాణీ, గాజు విస్తారంగా ఉన్నాయి. కొనుగోలు కాగితం దొరకని వస్తువు ఇలాంటి సేకరణల్లో ఏది ఎదురైనా కాలనిర్ణయం భారమంతా ముద్ర మీదే పడుతుంది. అందుకే వస్తువు చీటీలో ఒక్క సంవత్సరం రాసే పద్ధతి మారాలి. నమూనా నమోదైన తేదీ, పాత్ర తయారైన కాలం, అలంకారం వేసిన కాలం అనే మూడు గడులు విడివిడిగా ఉండాలి. ప్రతి గడికీ ఆధారమైన ముద్ర ఎవరి కోసం వేసినదో రాయాలి. ఆధారం లేని గడిని ఖాళీగా వదలాలి. వజ్రం గుర్తున్న గాజు పాత్రకు ‘1876’ అని రాయడానికీ ‘నమూనా 1876, తయారీ ఆ ఏడాది లేదా తరువాత’ అని రాయడానికీ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. మొదటిది పట్టికలోంచి ఎత్తిరాసిన అంకె. రెండోదాన్ని తరువాతి పరిశోధకుడు పరీక్షించి నిలబెట్టవచ్చు, కొట్టివేయనూవచ్చు.