పంక్తి చివర ఏముంది?

టైపు మిషను మీద పంక్తి పూర్తి కావస్తుంటే గంట మోగుతుంది. టైపిస్టు ఎడమ చేత్తో పిడిని నెడతారు. ఆ ఒక్క నెట్టుతో రెండు పనులు జరుగుతాయి. కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది. కాగితాన్ని మోసే క్యారేజి పంక్తి మొదటికి వస్తుంది. చేతికి ఇది ఒకే కదలిక, యంత్రానికి మాత్రం రెండు. ఒక కంప్యూటర్లో తయారైన ఫైలు మరో రకం కంప్యూటర్లో తిరగబడటానికి మూలం ఇక్కడే ఉంది.

తీగల ద్వారా దూరాన ఉన్న యంత్రం చేత టైపు చేయించాలంటే ఈ రెండు కదలికలకూ సంకేతాలు కావాలి. న్యూజిలాండ్‌కు చెందిన డోనాల్డ్ మర్రే 1901లో రూపొందించిన టెలిగ్రాఫ్ సంకేతావళిలో వీటికి చోటిచ్చాడు. 1963లో అమెరికాలో ప్రమాణంగా వెలువడిన ఆస్కీ సంకేతావళిలోనూ అవి ఉన్నాయి: క్యారేజి రిటర్న్ సంఖ్య 13, లైన్ ఫీడ్ సంఖ్య 10.

రెండూ ఎందుకు, ఒకటి చాలదా అనిపిస్తుంది. విడివిడిగా ఉండటంలో ఒక సదుపాయం ఉంది. 13ను మాత్రమే పంపితే అదే పంక్తి మీద మళ్ళీ కొట్టి, పదాల కింద గీత గీయవచ్చు. ఇంకో కారణం కాలానికి సంబంధించినది. ఆ రోజుల్లో కంప్యూటర్లకు తగిలించిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు అచ్చువేసేది. అంటే అక్షరానికి సెకనులో పదో వంతు. పంక్తి చివరి నుంచి మొదటికి రావడానికి అచ్చుతలకు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఈలోగా తర్వాతి అక్షరం వస్తే అది దారి మధ్యలోనే పడుతుంది! అందుకే ముందు 13, ఆ వెనుక 10. కాగితం జరిగే ఆ కాస్త వ్యవధిలో అచ్చుతల తన చోటు చేరుకుంటుంది.

ఇదంతా అచ్చుయంత్రం గొడవ, ఫైలుకెందుకు? 1960లలో మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించినవారు ఇలాగే ఆలోచించారు. ఫైలులో 10 ఒక్కటే ఉంచారు. 13 కావలసిన యంత్రానికి పంపేటప్పుడే దాన్ని చేర్చేవారు. 1969లో మొదలైన యూనిక్స్, 1991లో వచ్చిన లినక్స్ ఇదే దారి పట్టాయి. నా దృష్టిలో సరైన దారి ఇదే. చిన్న కంప్యూటర్ల కోసం పుట్టిన సీపీ/ఎం మాత్రం రెండింటినీ ఫైలులోనే ఉంచింది. 1981లో ఎమ్మెస్-డాస్, తర్వాత విండోస్ దాన్నే అనుసరించాయి. 1984 నాటి మెకింటాష్ 13 ఒక్కదానితో సరిపెట్టుకుంది. 2001లో యూనిక్స్ పునాది మీద వచ్చిన మాక్ ఓఎస్ టెన్ 10కి మారింది.

ఇక చిక్కు చూడండి. విండోస్‌లో తయారైన మార్కుల జాబితా ఉందనుకుందాం. ప్రతి పంక్తిలో రోల్ నంబరు, పేరు, చివర ‘పాస్’ లేదా ‘ఫెయిల్’. లినక్స్‌లో ఆక్ భాషలో చిన్న ప్రోగ్రాము రాసి, చివరి గడిలో ‘పాస్’ ఉన్నవారిని లెక్కించమన్నాం. జవాబు సున్నా! ప్రోగ్రాము 10 దగ్గర పంక్తిని తెంచింది, 13 మాత్రం ‘పాస్’కు అంటుకుని మిగిలిపోయింది. తెర మీద అది కనిపించదు. తప్పు జరిగిందన్న హెచ్చరికా రాదు. ఆ సున్నానే నమ్మితే తరగతి మొత్తం తప్పినట్లే.

అదే 13 ప్రోగ్రాము ఫైలు తొలి పంక్తిలో, దాన్ని నడిపించే భాష పేరు చివర చేరితే మరో వింత. కళ్ళెదుట ఉన్న భాషే లేదంటుంది సిస్టమ్. ఇటు విండోస్ నోట్‌ప్యాడ్ 2018 వరకూ యూనిక్స్ ఫైలును ఒకే పొడుగాటి పంక్తిగా చూపేది.

పంక్తి చదవగానే చివరి 13ను తీసేసి, తర్వాత పని మొదలుపెట్టడం సులువైన ఉపాయం. 2008లో వచ్చిన పైథాన్ 3 అయితే, ప్రత్యేకంగా చెప్పకపోతే, పాఠ్య ఫైళ్ళలో మూడు పద్ధతులనూ ఒకటిగానే చదువుతుంది. కానీ ఈ ‘దిద్దుబాటు’ బొమ్మల ఫైళ్ళకు చేయకూడదు. అక్కడ 13, 10 పంక్తి గుర్తులు కావు, బొమ్మలో భాగం. నెట్‌వర్కులో ఫైళ్ళు పంపే ప్రోగ్రాములు బొమ్మను పాఠ్యమనుకుని పాడుచేసిన సందర్భాలు ఉన్నాయి. 1996లో పీఎన్‌జీ పద్ధతిని రూపొందించినవారు అందుకే ఫైలు మొదటి 8 బైట్లలో ఒక 13-10 జంటనూ, చివర విడిగా ఇంకో 10నూ కావాలనే పెట్టారు. దారిలో ఎవరు సవరించినా ఆ వరుస చెదురుతుంది, బొమ్మను తెరిచే ప్రోగ్రాము మొదట్లోనే పసిగడుతుంది.