రాయే దాగలి, మేకతోలే తిత్తి: మన కొండల కత్తి కథ

ఈసారి రాజులూ యుద్ధాలూ కాదు, కత్తి గురించి రాస్తున్నాం. మొన్న క్లాసులో ఒకాయన, ఆదివాసీలకి ఇనుము మైదానం నుంచే వచ్చింది, అంతకుముందు రాళ్ళూ కర్రలే అన్నారు. మా బెంచీలో నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జవాబు తెలీక ఊరుకున్నాం. ఆ తర్వాత లైబ్రరీలో కూర్చున్నాం. సెలవులకి పాచిపెంట వైపు ఊరెళ్ళి కొలిమి దగ్గరా కూర్చున్నాం.

ఎడ్గర్ థర్స్‌టన్ అనే తెల్లదొర 1909లో దక్షిణాది కులాలూ తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులో సవరల గురించి చెప్తూ, వాళ్ళలో బుట్టలల్లే శాఖ ఒకటి, కుండలు చేసే శాఖ ఒకటి, ఇనప పని చేసే లువార లేదా ముళి అనే శాఖ ఒకటి ఉన్నాయని రాశాడు. అంటే కమ్మరి బయటోడు కాదు, మన ఇంట్లోవాడే. మన రాష్ట్రం షెడ్యూల్డ్ తెగల జాబితాలో కూడా 'కమ్మర' అని వేరే పేరుగానే ఉంది, చూసుకోండి.

రాయి నుంచి ఇనుము తీసిన తెగలూ ఉన్నాయి. మధ్య భారతం అగారియాల మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు. మట్టితో కట్టిన చిన్న కొలిమి, తోలు తిత్తులు, వాటిమీద నిలబడి కాళ్ళతో తొక్కడం. ఇంత చిన్న కొలిమిలో ఇనుము కరగదు. కరిగేది చిట్టెం. అది కారిపోగా స్పాంజీలాంటి ముద్ద మిగుల్తుంది, దాన్ని ఎర్రగా ఉండగానే సమ్మెటతో బాది గట్టిపరుస్తారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఇంకో పద్ధతి, మట్టి మూసల్లో ఉక్కు కాచేవారు. దాన్ని కొనడానికి పర్షియా నుంచి వ్యాపారులొచ్చేవారు. అక్కడ కూడా గాలి కొట్టింది తోలు తిత్తులే.

మరి ఏమైపోయింది ఇదంతా? ఒకటి, ఇంగ్లండు ఇనుము చవగ్గా దిగింది. రెండు, బొగ్గు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో చెట్టు కొట్టి బొగ్గు కాల్చడం నేరమైంది. అప్పటికి మన పాచిపెంటా, అవతలి కోరాపుట్ కొండలూ ఒకే విశాఖపట్నం జిల్లా. కోరాపుట్ ఒరిస్సాలోకి వెళ్ళింది 1936లో. గీత ఎటు గీసినా చట్టం కొలిమి మీదే పడింది. ఇనుము తీసేవాడు పోయాడు, ఇనుము సాగదీసేవాడు మిగిలాడు.

ఆ మిగిలినవాళ్ళలో మా ఊరి కమ్మరి తాత ఒకడు. డెబ్బై దాటాయి. మొదలెట్టిన రోజుల్లో ఏముండేది తాతా అంటే నవ్వాడు. "ఏటుంటాది బాబూ, నేల్లో గుంట." గుంటలో బొగ్గులు. సగం పాతిన నల్లరాయి దాగలి. రెండు మేకతోళ్ళ తిత్తి, దానికి వెదురు గొట్టం. వెదురు నిప్పుకి కాలిపోద్ది కాబట్టి కొసకి మట్టి గొట్టం తొడిగేవాడు. తిత్తి వాళ్ళమ్మ కొట్టేది. కూలి డబ్బుల్లో కాదు, కల్లం దగ్గర కుంచాల్లెక్కన చోళ్ళు.

ఇనుము మాత్రం సాలూరు నుంచి. సాలూరు లారీల ఊరని అందరికీ తెలిసిందే. విరిగిన కమాను పట్టీలు తుక్కు కొట్లో దొరికేవి. అక్కడే తాత దెబ్బతిన్నాడు. పాత మెత్తని ఇనుముకి అలవాటైన చేత్తో కమాను కత్తిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. టింగుమని చిట్లిపోయింది. రెండోదీ అంతే. కమాను ఉక్కులో కార్బన్ నూటికి అర వంతు పైనే ఉంటుంది, నీళ్ళలో ఒక్కసారి చల్లారితే చాలాసార్లు పగుల్తుంది. ఇది మేం పుస్తకంలో చదివాం. తాతకి చెప్పినోడు లేడు. లారీ డ్రైవరు పారబోసిన పాత ఇంజినాయిల్లో ముంచి చూశాడు, నిలిచింది. అయితే గాజులా పెళుసు. మళ్ళీ కత్తి వీపుని బొగ్గుల మీద పెట్టి, అంచు మీదికి గడ్డి రంగు పాకి గోధుమ రంగుకి తిరిగేదాకా కాపు కాయడం, అప్పుడు తియ్యడం. ఈ రంగు పట్టుకోడానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది. ఎన్ని కమాన్లు పాడయ్యాయో లెక్కలేదు. థర్మామీటరు లేని లేబొరేటరీ అంటే ఇదే కదా.

తర్వాత తోలు తిత్తి పోయి సైకిల్ చక్రంతో తిప్పే రేకు ఫ్యాను వచ్చింది. నల్లరాయి పోయి రైలు పట్టా ముక్క వచ్చింది, అదీ తుక్కులో కొన్నదే. కొత్తవలస కిరండూల్ లైను 1960ల్లో వేసింది బైలాడిల్లా ఇనప రాయిని విశాఖ రేవుకి, అక్కణ్ణుంచి జపాన్‌కి పంపడానికి. కొండ ఇనుమంతా రైలెక్కి వెళ్ళిపోతుంటే, అలాంటి పట్టా ముక్క ఒకటి తుక్కై తాత దగ్గరికొచ్చి దాగలైంది.

ఇప్పుడు సంతలో మిషను కత్తులు చవగ్గా దొరుకుతున్నాయి. అయినా ఇటుకల పండక్కి ముందు తాత కొలిమి దగ్గర గొడ్డళ్ళూ కత్తులూ కుప్పపడతాయి. ఆయన మనవడు ఐటీఐలో ఫిట్టర్ చదువుతున్నాడు. పోయిన సెలవుల్లో వాడే ఫ్యాను తిప్పాడు, మేం వంతులేసుకుని సమ్మెట కొట్టాం. మా దెబ్బ ఒక్కటీ సరిగా పళ్ళేదని తాత తిట్టాడు. ఆ రోజు చేసిన కత్తి హాస్టల్‌కి తేనివ్వరు కాబట్టి ఊళ్ళోనే మా అమ్మ దగ్గరుంది.