పాడేవాళ్లే నవ్విస్తే

1954లో భరణీ పిక్చర్స్ ‘చక్రపాణి’ వచ్చింది. ముందుగా మునిమనవణ్ణి ఎత్తుకొచ్చిన వాళ్లకే లక్ష రూపాయలంటాడు పిసినారి తాత సి.ఎస్.ఆర్. ఆ లక్ష కోసం మనవరాలు లేని సంసారాన్ని ఉన్నట్టు చూపించడానికి పడే తంటాలే కథంతా. మనవరాలు భానుమతి. నటించిందీ, పాడిందీ, బాణీలు కట్టిందీ ఆమే. తెలుగులో గాయని భుజాల మీద నిలబడ్డ నవ్వుల సినిమా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

మరో రెండేళ్లకు అమెరికాలో రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ‘లవ్ మీ టెండర్’తో తెరకెక్కాడు. మొదట్లో అతనివి సరదా పాత్రలేం కావు. ‘జైల్‌హౌస్ రాక్’ (1957), ‘కింగ్ క్రియోల్’ (1958)లలో కసి మీదున్న కుర్రాడతను. సైన్యంలో రెండేళ్లు చేసి వచ్చాక ‘జి.ఐ. బ్లూస్’ (1960) దారి మార్చింది, ‘బ్లూ హవాయ్’ (1961) ఆ దారిని ఖాయం చేసింది. అందులో సైన్యం నుంచి తిరిగొచ్చిన కొడుకు ఇంటి అనాసపళ్ల వ్యాపారం వద్దని టూరిస్టు గైడవుతాడు. తల్లిగా వేసిన ఏంజెలా లాన్స్‌బరీ అతనికన్నా తొమ్మిదేళ్లే పెద్ద! ఆ పాటల రికార్డు ఇరవై వారాలు అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉంది. రికార్డు సినిమాను, సినిమా రికార్డును అమ్మిపెట్టడంతో నిర్మాతలు అదే అచ్చులో పోస్తూ పోయారు. అందమైన ఊరు, అమ్మాయిలు, డజను పాటలు. 1969 దాకా అతనివి మొత్తం ముప్పై పైచిలుకు సినిమాలు వచ్చాయి. అంతటి గొంతుకు అంత పలచని కథలా అని ఇప్పటికీ బాధేస్తుంది.

హవాయి విషయంలో బాధ ఇంకాస్త ఎక్కువ. అక్కడ ఎల్విస్ పాడిన ‘అలోహా ఓయ్’ హవాయి రాణి లిలియువొకలాని రాసిన పాట. 1893లో ఆమెను గద్దె దించారు. సినిమాలో ఆ పాట ఉంది, రాణి ఊసు లేదు.

మనకు ఎల్విస్ ఎందుకు రాలేదంటే, ప్లేబ్యాక్ వల్లేనంటాను. ఘంటసాల గొంతు ఎన్టీఆర్‌కీ, ఏయన్నార్‌కీ పనికొచ్చింది. అభిమానం మాత్రం తెర మీది ముఖాలకే పోయింది. మగ నటుల్లో సొంత గొంతు మిగిలింది ఎక్కువగా హాస్యగాళ్లకే. ‘పాతాళ భైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955)లలో రేలంగి తన పాటలు తనే పాడుకున్నారు. వాద్యకారుడు తెరకెక్కడమూ ఉంది: చాలాకాలానికి దర్శకుడు జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ (1987) అమెరికాలో తీస్తూ డ్రమ్స్ శివమణికి పాత్ర ఇచ్చారు. సంగీతం గాయకుడు బాలూది.

ఎల్విస్‌కు హవాయి ఎలాగో, మన సినిమాలకు అరకు లోయ అలాగ. ‘కథ’ (2009)కు లోయ నెలవైంది, ‘అరకు రోడ్‌లో’ (2016)కు పేరిచ్చింది. ఇక్కడ చైత్రపండక్కి ఆడవాళ్లు వెనకనుంచి చేతులు పెనవేసుకుని థింసా ఆడతారు. తుడుము, డప్పు, మోరి, కిరిడి వాద్యాలు మోగుతాయి. ఈ కొండల్ని డ్యూయెట్ల వెనక పరదాగా చూసి చూసి విసుగొచ్చింది. నాకు కావలసింది ఇక్కడి కుర్రాడే హీరో అయిన నవ్వుల సినిమా. మోరి పక్కన ఎలక్ట్రిక్ గిటారు పెట్టుకుని, తన పాట తన గొంతుతోనే పాడాలి. అనంతగిరి కాఫీ తోటలో మేస్త్రీతోనో, బొర్రా స్టేషన్‌లో టికెట్ల గుమస్తాతోనో అతను పడే తగాదాలు చూసి హాలంతా నవ్వాలి.