టోల్కీన్ ఆకాశంలో సూర్యచంద్రుల పుట్టుక

ఇంగ్లిష్ రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) కల్పించిన లోకం పేరు ఆర్దా. ‘ది హాబిట్’, ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ కథలు నడిచే మిడిల్ ఎర్త్ అందులో ఒక భూభాగం. ఆ లోకం మొదలైనప్పుడు అక్కడ సూర్యుడూ లేడు, చంద్రుడూ లేడు. ముందు చుక్కలు, తరువాత చంద్రుడు, అందరికన్నా ఆఖరున సూర్యుడు ఆకాశమెక్కుతారు. ఈ క్రమం ఒక్కసారిగా కుదిరింది కాదు. 1914 నుంచి టోల్కీన్ దాన్ని రాస్తూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ వచ్చాడు. పురాణకథలా సాగాలన్న కోరిక, నిజమైన ఖగోళానికి సరిపోవాలన్న పట్టుదల ఆయనలో చివరిదాకా తగవులాడుతూనే ఉన్నాయి.

మొదట వేగుచుక్క

టోల్కీన్ రాతల్లో మాత్రం ఆర్దా ఆకాశంలో అన్నిటికన్నా ముందు పుట్టింది శుక్రుడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో టోల్కీన్ ‘క్రైస్ట్’ అనే పాత ఇంగ్లిష్ భక్తికావ్యం చదివాడు. అందులో ఎయారెండెల్ అనే పేరు ఆయన్ని పట్టుకుంది. వేగుచుక్కను ఉద్దేశించిన పేరు అది అయి ఉంటుందని ఆయన భావించాడు. 1914 సెప్టెంబరులో నాటింగ్‌హామ్‌షైర్‌లోని గెడ్లింగ్ గ్రామంలో, పినతల్లి పొలంలో ఉండగా ఆ పేరుతో ఒక పద్యం రాశాడు. లోకం అంచున పడమటి నుంచి ఓడ విడిచి ఆకాశంలోకి సాగిపోయే నావికుడి కథ అది. ఆ నావికుడే తరువాత ఎయారెండిల్ అయ్యాడు. వింగిలోట్ అనే ఓడలో, నుదుట సిల్మరిల్ మణి ధరించి ఆకాశంలో తిరుగుతాడు. తెల్లవారుజామున, సాయంసంధ్యలో కనిపించే చుక్క అదే.

చంద్రుడి వంతు మరుసటి సంవత్సరం వచ్చింది. చంద్రుడిలో ఉండే ముసలాయన కిందికి దిగి వచ్చిన వైనం మీద 1915లో ఒక హాస్యపద్యం రాశాడు. 1923లో అది ఒక కవితా సంకలనంలో అచ్చయింది. పిల్లల పాటల్లోని ఆ ముసలాయనకు కూడా తన పురాణంలో చోటివ్వాలన్న ఆలోచన అక్కడి నుంచే సాగింది.

తొలి కథల్లోని ఓడలు

1916లో సోమ్ యుద్ధరంగం నుంచి కందకాల జ్వరంతో ఇంగ్లండ్ తిరిగి వచ్చాక టోల్కీన్ తన పురాణాన్ని కథలుగా రాయడం మొదలుపెట్టాడు. 1920 దాకా సాగిన ఆ రచనలే ‘ది బుక్ ఆఫ్ లాస్ట్ టేల్స్’. వాటిలో ఒకటి పూర్తిగా సూర్యచంద్రులదే.

ఈ కథలో దేవతల భూమికి వెలుగిచ్చే రెండు చెట్లు చచ్చిపోతాయి. బంగారు చెట్టు లౌరెలిన్ చివరగా ఒక పండు ఇస్తుంది. ఆ పండుతో సూర్యుడి ఓడ తయారవుతుంది. ఉర్వెండి అనే కన్య దాన్ని నడుపుతుంది. వెండి చెట్టు సిల్పియోన్ చివరి పువ్వు చంద్రుడి ఓడకు వెలుగవుతుంది. ఆ పువ్వు చెట్టు నుంచి జారిపడి కమిలిపోవడం వల్లే చంద్రుడి మీద మచ్చలు మిగిలాయని కథ. చంద్రుడి ఓడను ఇల్లిన్సోర్ నడుపుతాడు. ఎల్ఫులనే అమర జాతికి చెందిన ఉఓలే కూవియోన్ అనే ముసలివాడు ఎవరికీ తెలియకుండా ఆ ఓడెక్కి, అక్కడ తెల్లని బురుజు కట్టుకుని ఉండిపోతాడు. చంద్రుడిలోని ముసలాయన అతనే.

సూర్యుడి రాత్రి ప్రయాణానికీ తొలి కథల్లో ఏర్పాటు ఉంది. పడమటి గోడలో రాత్రి తలుపు, తూర్పున ఉదయ ద్వారాలు కడతారు. సూర్యుడి ఓడ మొదటి దాని గుండా లోకం బయటి చీకట్లోకి వెళ్ళి, రెండో దాని గుండా తిరిగి వస్తుంది.

ఇందులో సూర్యుడు స్త్రీ, చంద్రుడు పురుషుడు. ఇద్దరినీ పురుషులుగానే ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది కొత్తగా ఉంటుంది కానీ ఉత్తర ఐరోపా పురాణాల్లో మామూలే. నార్స్ పురాణంలో ముండిల్ఫారి కూతురు సోల్ సూర్యరథాన్ని, కొడుకు మాని చంద్రుణ్ణి నడుపుతారు. టోల్కీన్ ఎంతో ఇష్టపడిన ఫిన్లాండ్ కావ్యం ‘కలెవల’లో పాట వినడానికి చంద్రుడూ సూర్యుడూ దిగివచ్చి చెట్ల మీద వాలితే, లౌహి అనే మంత్రగత్తె పట్టుకుని కొండలో దాచేస్తుంది. దొంగిలించిన వెలుగు, చెట్టు మీది వెలుగు అనే రెండు భావనలూ ఆర్దాలో మరో రూపంలో కనిపిస్తాయి.

దీపాలు, చెట్లు, ఓడలు

1926 నుంచి 1937 దాకా టోల్కీన్ ఈ కథను కుదించి, బిగించి, ‘సిల్మరిలియన్’గా మలిచాడు. ఇప్పుడు పాఠకులకు తెలిసిన క్రమం ఈ దశలో స్థిరపడింది.

ఆర్దా తొలి వెలుగు రెండు దీపాలది. శిల్పి దేవత ఔలే చేసిన ఆ దీపాలను ఉత్తర, దక్షిణ దిక్కుల్లో మహా స్తంభాల మీద నిలిపారు. ఉత్తరాన ఇల్లుయిన్, దక్షిణాన ఒర్మల్. దుష్టశక్తి మెల్కోర్ ఆ స్తంభాలను కూల్చేశాడు. దేవతలు పడమటి భూమికి తరలిపోయారు. అక్కడ యావన్నా అనే దేవత పాటకు రెండు చెట్లు మొలిచాయి. టెల్పెరియోన్‌ది వెండి వెలుగు, లౌరెలిన్‌ది బంగారు వెలుగు. ఒక్కొక్కటి ఏడు గంటల పాటు వెలిగి తగ్గుతుంది. ఒకటి ఆరిపోవడానికి గంట ముందే రెండోది మొదలవుతుంది. అందుకే అక్కడి రోజు 12 గంటలు, రోజుకు రెండుసార్లు వెండీ బంగారమూ కలిసిన సంధ్యాకాలం. మిడిల్ ఎర్త్‌కు మాత్రం అప్పుడు చుక్కలే దిక్కు.

మెల్కోర్, ఉంగోలియాంత్ అనే సాలీడు రూపపు భూతం కలిసి ఆ చెట్లను చంపారు. వాటి అసలు వెలుగు అప్పటికి ఫెయానోర్ అనే ఎల్ఫు చేసిన మూడు సిల్మరిల్ మణుల్లో మాత్రమే మిగిలింది. మణులను పగలగొడితే చెట్లు బతుకుతాయని యావన్నా అడిగింది. ఫెయానోర్ ఒప్పుకోలేదు. అప్పటికే మెల్కోర్ వాటిని ఎత్తుకుపోయాడని తరువాత తెలిసింది. చచ్చే ముందు టెల్పెరియోన్ ఒక వెండి పువ్వు, లౌరెలిన్ ఒక బంగారు పండు ఇచ్చాయి. ఔలే వాటికి ఓడలు చేశాడు. చుక్కల దేవత వార్దా వాటిని ఆకాశంలో నడిపించింది. పండును మోసే ఓడకు అగ్నిస్వరూపిణి అరియెన్, పువ్వును మోసే ఓడకు వెండి విల్లు పట్టిన వేటగాడు టిలియోన్ సారథులయ్యారు.

ముందు ఉదయించింది చంద్రుడు. అతను ఏడుసార్లు ఆకాశం దాటాక సూర్యుడి ఓడ పడమట తొలిసారి పొడిచింది. ఆ ఉదయానే మిడిల్ ఎర్త్ తూర్పున మనుషులు నిద్ర లేచారు. అప్పటి నుంచి సూర్య సంవత్సరాల లెక్క మొదలైంది.

వార్దా మొదట అనుకున్న ప్రకారం రెండు ఓడలూ పడమటి నుంచి తూర్పుకు, తూర్పు నుంచి పడమటికి ఆగకుండా తిరగాలి. అలా అయితే లోకానికి రాత్రే ఉండదు. నిద్ర పోయింది, చుక్కలు కనపడటం లేదు అని లోరియెన్, ఎస్తే అనే దేవతలు మొరపెట్టుకున్నారు. టిలియోన్ కూడా చెప్పిన దారిలో నడవలేదు. అరియెన్ అందానికి ఆకర్షితుడై దగ్గరికి పోయి కాలిపోయాడు, చంద్రుడు నల్లబడ్డాడు. దాంతో వార్దా ఏర్పాటు మార్చింది. సూర్యుడు పడమటి సముద్రంలో దిగి, భూమి అడుగు నుంచి తూర్పుకు చేరి పొడవాలి. చంద్రుడి నడక మాత్రం నిలకడ లేనిదిగానే మిగిలింది. అతను పగటిపూట ఆకాశంలో కనిపించడానికీ, ఒక్కోసారి సూర్యుడికి అడ్డం వచ్చి గ్రహణం పట్టడానికీ ఆ కథే కారణం చెబుతుంది.

ఈ కథలో ప్రతి దశలోనూ వెలుగు ముందున్న దానికన్నా తగ్గుతుంది. సూర్యకాంతి చచ్చిపోయిన చెట్టు తాలూకు శేషం, అంటే రెండో రకం వెలుగు. 1951లో ప్రచురణకర్త మిల్టన్ వాల్డ్‌మన్‌కు రాసిన సుదీర్ఘ లేఖలో టోల్కీన్ దీన్నే వివరించాడు. సూర్యుడి కింది లోకమంటే ఆయన పురాణంలో చెడు సోకిన లోకమని అర్థం.

చుక్కలు, గ్రహాలు

చుక్కలన్నీ వార్దా పనే. ఎల్ఫులు మేల్కొనే వేళకు టెల్పెరియోన్ వెండి మంచుతో ఆమె మరింత కాంతివంతమైన చుక్కలు చేసింది. వాటిలో కొన్ని భూమి ఆకాశంలోనివే. సప్తర్షి మండలం అక్కడ వాలకిర్కా, మెల్కోర్‌కు సవాలుగా వేలాడదీసిన కొడవలి. ఒరాయన్ అక్కడ మెనెల్‌వాగోర్, కత్తి పట్టిన వీరుడు. కృత్తికలు అక్కడ రెమ్మిరాత్.

‘సిల్మరిలియన్’లో వార్దా చుక్కలు చేసిన ఘట్టంలోనే కార్నిల్, లుయినిల్, నేనార్, లుంబార్, అల్కరింక్వే, ఎలెమ్మీరే అనే ఆరు పేర్లు వస్తాయి. ఇవి గ్రహాలని పరిశోధకుల అభిప్రాయం. ఎర్రని కార్నిల్ అంగారకుడు, తేజస్సులో మేటి అయిన అల్కరింక్వే గురుడు అన్నది బలమైన పోలిక. తక్కినవి బుధుడు, శని, యురేనస్, నెప్ట్యూన్‌లకు సరిపోతాయని చెబుతారు. గ్రహాలకు పేర్లే తప్ప వాటి మీద కథల్లేవు. శుక్రుడొక్కడే మినహాయింపు.

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో గలాద్రియెల్ అనే ఎల్ఫు దొరసాని ఇచ్చే గాజుబుడ్డిలో ఉండేది ఎయారెండిల్ చుక్క వెలుగే. చెట్టు నుంచి మణికి, మణి నుంచి చుక్కకు, చుక్క నుంచి బుడ్డికి చేరిన ఆ కాంతిని సామ్ అనే హాబిట్ మోర్డోర్ మెట్ల దారిలో గుర్తిస్తాడు.

బల్లపరుపు లోకం గుండ్రమైన రోజు

మొదట్లో ఆర్దా బల్లపరుపుగా ఉండేది. 1930లలో టోల్కీన్ ‘అంబర్‌కంతా’ పేరుతో ఆ లోకానికి పటాలు కూడా గీశాడు. భూమి మీద గాలి పొర విస్తా, దానిపైన చుక్కలూ సూర్యచంద్రులూ తిరిగే ఇల్మెన్, అన్నిటినీ చుట్టుకుని వైయా అనే బాహ్య సముద్రం.

1936 ప్రాంతంలో రచయిత సి.ఎస్. లూయిస్, టోల్కీన్ ఒక ఒప్పందానికి వచ్చారు. లూయిస్ అంతరిక్షయానం మీద, టోల్కీన్ కాలయానం మీద రాయాలి. టోల్కీన్ మొదలుపెట్టిన ‘ది లాస్ట్ రోడ్’ పూర్తి కాలేదు కానీ దానితోపాటు న్యూమెనోర్ ద్వీప వినాశనం కథ పుట్టింది. అమరత్వం కోసం ఆ ద్వీపపు రాజు దేవతల భూమి మీదికి ఓడలు నడిపితే, ద్వీపం సముద్రంలో మునిగి, లోకం గోళంగా మారిపోతుంది. దేవతల భూమి దానికి అందకుండా పోతుంది. పురాణకాలంలో బల్లపరుపు, చరిత్రకాలంలో గోళం అన్న పరిష్కారం కొంతకాలం ఆయనకు సరిపోయింది.

చంద్రుడి లెక్కలు

పురాణం పక్కన పెడితే, నవలల్లో చంద్రుడు నిజం చంద్రుడిలాగే నడవాలి. 1937లో వచ్చిన ‘ది హాబిట్’ కథ చంద్రుడి మీద ఆధారపడింది. పటం మీది చంద్రలిపి, రాసిన నాటి చంద్రకళ, ఋతువు కలిసి వచ్చినప్పుడే కనిపిస్తుంది. కొండలోని రహస్య ద్వారం తెరుచుకునేది డ్యూరిన్ దినాన. శరదృతువు చివరి చంద్రుడు, సూర్యుడు ఒకేసారి ఆకాశంలో కనిపించే రోజు అది.

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో పాత్రలు విడిపోయి వేర్వేరు దారుల్లో నడుస్తాయి. అందరికీ ఆ రాత్రి ఒకే చంద్రుడు కనిపించాలి. 1944లో దక్షిణాఫ్రికాలో వైమానిక దళ శిక్షణలో ఉన్న కొడుకు క్రిస్టఫర్‌కు రాసిన ఉత్తరాల్లో, చంద్రుడు ఒక ప్రాంతంలో ఉదయిస్తూ ఇంకో ప్రాంతంలో అదే సమయంలో అస్తమిస్తున్నాడని టోల్కీన్ వాపోయాడు. అధ్యాయాలు తిరగరాయాల్సి వచ్చింది. కథలోని చంద్రకళలకు 1942 నాటి నిజమైన చంద్రుణ్ణి ఆధారం చేసుకున్నట్టు తరువాత ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. లోత్‌లోరియెన్ అడవి దాటి నది మీద సాగేటప్పుడు సామ్ నెలవంకను చూసి, ఆ అడవిలో కాలం గడవలేదా అని తికమకపడతాడు. లెక్క ఖచ్చితంగా ఉంది కనుకే ఆ తికమక కథలో పండింది.

పురాణమా, ఖగోళమా

లెక్కల మీద ఇంత పట్టున్న రచయితకు పండులోంచి పుట్టిన సూర్యుడు ఇబ్బందిగా తోచాడు. 1946లో సృష్టికథను గోళాకార లోకానికి తగినట్టు మళ్ళీ రాసి చూశాడు. అందులో సూర్యుడు మొదటి నుంచీ ఉంటాడు. 1948లో రెండు రూపాలూ నవలా రచయిత్రి క్యాథరిన్ ఫారర్‌కు ఇస్తే ఆమె బల్లపరుపు కథకే ఓటు వేసింది. టోల్కీన్ అప్పటికి వెనక్కి తగ్గాడు.

1950ల చివర్లో ఆ ఆలోచన మళ్ళీ తలెత్తింది. భూమి గుండ్రమని తెలిసిన పాఠకులకు ఇలాంటి కథ నమ్మదగినట్టు చెప్పడం కుదరదని ఆయన రాసుకున్నాడు. కొత్త ప్రణాళికలో సూర్యుడు భూమితోపాటే పుట్టాడు. మెల్కోర్ దాన్ని చెరచకముందు ఉన్న స్వచ్ఛమైన వెలుగును చెట్లు దాచుకున్నాయి. పాత కథేమో మనుషుల నోళ్ళలో కలగాపులగమై న్యూమెనోర్ ద్వారా దిగివచ్చిన గాథ. ఈ మార్పు ప్రభావం అచ్చయిన పుస్తకం మీద కూడా పడింది. 1937 ‘ది హాబిట్’లో ఎల్ఫులు సూర్యచంద్రులు పుట్టకముందు తిరిగారని ఉన్న మాట, 1966 ముద్రణలో సూర్యచంద్రుల మసక వెలుగుగా మారింది.

కానీ కొత్త ప్రణాళికకు ఒక చిక్కు ఉంది. సూర్యుడు ముందే ఉంటే చెట్ల మరణం లోకాన్ని చీకటి చెయ్యదు, చుక్కల కింద ఎల్ఫుల మేలుకొలుపు ఉండదు, తొలి సూర్యోదయాన మనుషుల రాక ఉండదు. దేవతల భూమి మీద వార్దా కట్టిన చుక్కల గోపురం లాంటి ఉపాయాలు ఆలోచించినా టోల్కీన్ ఆ కథను మళ్ళీ మొదటి నుంచి రాయలేదు.

ఆయన మరణానంతరం క్రిస్టఫర్, గై గావ్రియెల్ కే సాయంతో ‘ది సిల్మరిలియన్’ను 1977లో ప్రచురించాడు. పూర్తిగా నడిచిన కథ ఒక్కటే కనుక అందులో పండు, పువ్వు, ఓడల కథే వచ్చింది. తొలి కథల ఉర్వెండి, ఇల్లిన్సోర్ 1983లో, ‘అంబర్‌కంతా’ పటాలు 1986లో, సూర్యుడు మొదటి నుంచీ ఉన్న చిత్తుప్రతులు ‘మోర్గోత్స్ రింగ్’లో 1993లో వెలుగు చూశాయి. ఆర్దా కాలగణన మీది మిగిలిన రాతలు 2021లో ‘ది నేచర్ ఆఫ్ మిడిల్ ఎర్త్’గా వచ్చాయి. దాంతో ఆర్దాకు రెండు ఆకాశాలు మిగిలాయి. పాఠకులు కథగా చదివేది మొదటిదాన్నే. రెండోది టోల్కీన్ చిత్తుప్రతుల్లో, వాటిని పరిశీలించే వారి చర్చల్లో ఉంది.