వాకిట్లో బడి, కాలేజీలో డిప్లొమా

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ఆటా పాటా మాటా నేర్పే పనికి మన దేశంలో రెండు రకాల శిక్షణ ఉంది. ఒకటి కాలేజీ శిక్షణ. ఇంటర్ పాసై రెండేళ్లు చదివితే ప్రీస్కూల్ డిప్లొమా వస్తుంది. హోంసైన్స్ కాలేజీలో శిశు వికాసం చదివితే డిగ్రీ, పీజీ దాకా పోవచ్చు. రెండోది అంగన్‌వాడీ శిక్షణ. మాలపల్లెలోనో మాదిగవాడలోనో తండాలోనో అదే ఈడు పిల్లల్ని కూచోబెట్టుకుని అదే పని చేసే మనిషికి ఈ శతాబ్దంలో ప్రభుత్వం ఇస్తూ వచ్చింది 26 పని దినాలు, మహా అయితే 32 రోజులు. డబ్బుల్లేక వచ్చిన ఇబ్బందిగా దీన్ని చెప్తారు. మన మేధావులు కొందరు కూడా అట్లాగే నమ్ముతారు. కానీ ఏ పిల్లల దగ్గరికి పంపుతున్నామన్నదాన్ని బట్టి పంతులమ్మ చదువు కొలత మారడం వెనక 170 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. డి.ఎడ్., బి.ఎడ్. విద్యార్థులు బట్టీపట్టే పుస్తకాల్లో ఫ్రోబెల్, మాంటిస్సోరి, గిజుభాయి అని పేర్లు వరసగా వస్తాయి తప్ప ఈ చరిత్ర రాదు.

మొదలుపెట్టాల్సింది సావిత్రీబాయి ఫూలే దగ్గర. ఆమె మీద పూణే వీధుల్లో పేడా బురదా చల్లిన సంగతి అందరం చెప్పుకుంటాం. ఆమె శిక్షణ పొందిన టీచరన్న సంగతి మాత్రం చెప్పుకోం. అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మిషన్‌కు చెందిన సింథియా ఫరార్ దగ్గర, పూణేలో మిచెల్ దొరసాని నడిపిన నార్మల్ స్కూల్లో ఆమె తర్ఫీదయింది. 1848లో భిడేవాడలో ఆడపిల్లల బడి, 1852 నాటికి మహర్, మాంగ్ పిల్లలకు బడులు ఆ తర్ఫీదుతోనే నడిచాయి. ఆ బడుల్లో చదివిన ముక్తాబాయి అనే 14 ఏళ్ల మాంగ్ పిల్ల తన కులం పడుతున్న బాధల మీద రాసిన వ్యాసం 1855లో ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. (మాంగులు మన మాదిగలకు సాటివాళ్లు.) శిక్షణ సంగతి దాచేసి భర్త నేర్పిన అక్షరాలతో బడికి పోయిన ఆదర్శ ఇల్లాలిగా సావిత్రీబాయిని చూపిస్తే బ్రాహ్మణీయ చరిత్రకు సుఖం. పంతులమ్మతనం ఒక వృత్తి, దానికి చదువు కావాలి, జీతం కావాలి అన్న మాట అప్పుడు ఎత్తనక్కర్లేదు.

ఆ మాటను ఎత్తినవాడు జ్యోతిబా. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞాపనలో ప్రాథమిక బడుల టీచర్లు దాదాపు అందరూ బ్రాహ్మణులేనని, వాళ్లు కింది కులాల పిల్లలతో కలవరని ఆయన రాశాడు. పంటలు పండించే కులాల్లోంచి, ఆ జనంతో కలిసిపోగలవాళ్లను తీసుకోవాలన్నాడు. అవసరమొస్తే నాగలి మేడి పట్టడానికీ వడ్రంగి బాడిస పట్టడానికీ సిగ్గుపడనివాళ్లు కావాలన్నాడు. వాళ్లు నార్మల్ స్కూల్లో పాసై ఉండాలి. నెల జీతం 12 రూపాయలకు తగ్గకూడదు, పెద్ద ఊళ్లలో ఇంకా ఎక్కువ ఉండాలి. ఇక్కడ మూడు కోరికలున్నాయి: ఎవర్ని తీసుకోవాలి, ఎట్లా తయారుచేయాలి, ఎంత ఇవ్వాలి. మూడూ ఒకే విజ్ఞాపనలో కలిసి ఉన్నాయని గమనించాలి. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు వీటిని విడగొట్టి, తమకు చవగ్గా దొరికే మొదటిదాన్ని మాత్రం తీసుకున్నాయి. ఎట్లాగో ముందు ముందు చూద్దాం.

మన తెలుగు నేల మీద మాల మాదిగల్లోంచి పంతుళ్లు, పంతులమ్మలు మొదటగా తయారైంది మిషన్ శిక్షణ బడుల్లో. ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరువు వెంట క్లౌ దొర దగ్గర వేలాది మాదిగలు క్రైస్తవం తీసుకున్నారు. ఒక్క 1878 జూలై 3న 2222 మంది. ఇంతమందికి అక్షరం చెప్పడానికి మిషనుకు వాడలోంచే మనుషులు కావాల్సొచ్చింది. బాపట్లలో బాప్టిస్టు మిషన్ నార్మల్ స్కూలు అట్లా వచ్చిన అవసరాన్ని తీర్చింది. మతం మార్చుకోవడం మీద మనలో ఎన్ని అభిప్రాయాలైనా ఉండొచ్చు, గానీ వాడ మనిషికి తర్ఫీదు ఇచ్చి, జీతమిచ్చి, వాడలోనే పంతులు చేసిన పద్ధతి అక్కడ నడిచిందన్నది చరిత్ర. 1920 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో లేబర్ శాఖ విడిగా పెట్టిన లేబర్ బడులు, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి పెట్టుకుంటూ పోయిన ఆది హిందూ బడులు కూడా ఈ దారిలోవే. పసిపిల్లల చదువని వేరుగా పేరు పెట్టలేదు, అంతే.

ఆ పేరుతో కాలేజీ చదువు వచ్చింది మద్రాసు అడయారుకు. అడయారు దగ్గరే 1894లో దివ్యజ్ఞాన సమాజం పెద్ద ఆల్కాట్ దొర పంచమ పిల్లలకు ఉచిత బడి పెట్టాడు. సరిగ్గా 45 ఏళ్లకు, 1939లో, అదే సమాజం పిలుపు మీద మరియా మాంటిస్సోరి అక్కడ దిగి శిక్షణ కోర్సు పెట్టింది. సుమారు 300 మంది చేరారు. మాంటిస్సోరి పద్ధతి పుట్టిందెక్కడ? 1907 జనవరిలో రోమ్ నగరం సాన్ లొరెంజో మురికివాడలో, పగలంతా కూలికిపోయే తల్లిదండ్రుల పిల్లల మధ్య. అంటే వాడ పిల్లల కోసం పుట్టిన విద్య, పంచమ పిల్లల బడి ఉన్న ఊరికే నడిచొచ్చింది. కానీ రెండూ కలిసిపోలేదు. ఆమె ఇటాలియన్‌లో చెప్తుంటే కొడుకు మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. ఆ పాఠం అందుకోవాలంటే ఇంగ్లీషు రావాలి, ఫీజు కట్టాలి, నెలల తరబడి ఇల్లూ కూలీ వదిలి ఉండగలగాలి. ఆనాటి పంచమ స్త్రీకి ఇవెక్కడివి? మధ్యలో రెండో ప్రపంచయుద్ధం, ఇటలీవాళ్లని నిర్బంధం, కొడైకెనాల్ అన్నీ జరిగాయి. 1949 దాకా రాకపోకల్లో ఆమె తయారుచేసిన టీచర్లు వెయ్యికి పైనే. ఆ సర్టిఫికెట్ మెల్లగా పెద్ద నగరాల ఫీజు బడుల గోడల మీదికి ఎక్కింది. తప్పు మాంటిస్సోరిది అనను. కోర్సును ఎవరు అందుకోగలరో తేల్చింది మన సమాజం.

గుజరాత్‌లో గిజుభాయి 1920లో భావనగర్ బాలమందిరం, 1925లో అధ్యాపన మందిరం పెట్టి ఇదే పద్ధతిని దేశభాషలోకి తెచ్చాడు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోడక్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1945లో థానే జిల్లా బోర్డిలో అనుతాయి వాఘ్‌తో కలిసి పల్లెటూరి బాలవాడి మొదలుపెట్టింది. పేదల పిల్లలు బాలవాడికి రారు. రాకపోతే బాలవాడే వాళ్ల వాకిట్లోకి పోవాలని ఆమె నిర్ణయించింది. అంగణం అంటే వాకిలి. అంగన్‌వాడీ అన్న మాటకు మూలం ఇదీ. గులకరాళ్లు, గింజలు, ఆకులే పరికరాలు. 1957లో కోస్‌బాడ్‌కు మారి వార్లీ ఆదివాసీల మధ్య ఈ పని సాగింది, దాని పక్కనే టీచర్ల శిక్షణ కూడా నడిచింది. తారాబాయిలో సంస్కరణవాదపు హద్దులు ఉన్నాయి, వాటి మీద వేరే రాయొచ్చు. కానీ వాకిట్లో బడి నడపడం కాలేజీ బడి నడపడం కన్నా కష్టమని, దానికి తర్ఫీదు ఎక్కువే కావాలని ఆమెకు తెలుసు.

ప్రభుత్వానికీ తెలియకపోలేదు. 1944 సార్జెంట్ నివేదిక పది లక్షల పిల్లలకు ఉచిత నర్సరీ చదువు ఉండాలని, శిక్షణ పొందిన స్త్రీలే అక్కడ చెప్పాలని అన్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1953లో వచ్చిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఊళ్లలో బాలవాడీలకు డబ్బిచ్చింది (మా పెద్దోళ్లు ఇప్పటికీ అంగన్‌వాడీని బాల్వాడి అనే అంటారు). 1960ల మొదట్లో బాలసేవికలకు పెట్టిన శిక్షణ 11 నెలలు. ఆ తర్వాత 1964-66 కొఠారీ కమిషన్ బడికి ముందు చదువును ఎక్కువగా ప్రైవేటు వాళ్లకు వదిలేయమన్నది. ఆ ఒక్క మాటతో కాలేజీ డిప్లొమా ఒక పక్కకి, వాడ ఇంకో పక్కకి పోయాయని నా అభిప్రాయం.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ మొదలైంది. ఫూలే మూడు కోరికల్లో మొదటిదాన్ని ఇక్కడ అక్షరాలా అమలు చేశారు: ఆ ఊరి ఆడమనిషినే తీసుకోవాలి. మిగతా రెండూ? మెట్రిక్ పాసైన వర్కరుకు నెలకు 150 రూపాయలు, పాసవకపోతే 100, ఆయాకు 35. దీన్ని జీతమనలేదు, గౌరవ వేతనమన్నారు. శిక్షణ మొదట్లో నెలల్లో లెక్క ఉండేది, పోనుపోను రోజుల్లోకి దిగింది. ఆ రోజుల్లోనే ఆరు సేవలూ నేర్పాలి: అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, పిల్లలకు ప్రీస్కూలు చదువు. తూకం వేయడం, ఎదుగుదల చార్టు గీయడం, రిజిస్టర్లు రాయడం నేర్చేసరికి శిక్షణ అయిపోతుంది. పసిపిల్ల ఎట్లా మాట నేరుస్తుంది, ఇంట్లో గోండీయో లంబాడీయో మాట్లాడే పిల్లకు తెలుగు ఎట్లా అందించాలి, కోపమొచ్చిన మూడేళ్లవాణ్ణి ఎట్లా సముదాయించాలి అనేవాటికి కాలేజీలో ఒక్కోదానికి ఒక్కో పేపరుంది. కాలేజీ విద్యార్థినికి అభ్యాసం కోసం ప్రయోగశాల నర్సరీ ఉంటుంది. వాడలో పంతులమ్మకు అభ్యాసం నేరుగా మన పిల్లల మీదే.

గౌరవ వేతనం అన్న మాట కోర్టుల దాకా పోయింది. 2006 డిసెంబరులో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ వర్కర్లవి సివిల్ పోస్టులు కావన్నది. 2022 ఏప్రిల్‌లో మణిబెన్ కేసులో అదే కోర్టు వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందన్నది. ఈ రెండు తీర్పుల మధ్య పదిహేనేళ్లకు పైగా కాలంలో ఎంతమంది ఏమీ లేకుండా ఇంటికి పోయారో ఊహించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె జరిగింది. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా పెట్టింది. జీతం అడిగితే వాలంటీర్, పని ఆపితే అత్యవసర సేవ!

ఇక సెంటరు ఎక్కడుంది, ఎవరి చేతి తిండి అన్నది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబరులో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నిటిలో అంగన్‌వాడీలు త్వరగా పెట్టాలని చెప్పాల్సొచ్చింది. పథకం మొదలైన 29 ఏళ్లకు! వాకిట్లోకి పోవాలని పుట్టిన బడి ఊళ్లోనే ఆగిపోయిందన్నమాట. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో మధ్యాహ్న భోజనం, రేషన్ షాపుల మీద సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ చేసి 2005లో అచ్చేసిన అధ్యయనం దళిత వంటమనుషుల మీద వచ్చే అభ్యంతరాలను నమోదు చేసింది. బడిలో వంట దగ్గర ఉన్న కులం అంగన్‌వాడీ వాకిట్లోకి రాదనుకోగలమా? దళిత ఆయా కలిపిన పిండి తమ పిల్లకు వద్దని ఒక తల్లి అంటే ఏం చేయాలో శిక్షణలో పాఠం ఉండాలి. రెండేళ్ల డిప్లొమాలో కూడా ఆ పాఠానికి సిసలైన చోటు దొరకాలంటే సిలబస్ కమిటీల్లో మనోళ్లు కూర్చోవాలి.

2020 జాతీయ విద్యావిధానం వర్కర్లకు కొత్త చదువు చెప్పింది. ఇంటర్ ఉన్నవాళ్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా. ఎక్కడ? టీవీలో, స్మార్ట్‌ఫోన్లో. ఎందుకట్లా అంటే వాళ్ల ఇప్పటి పనికి అంతరాయం రాకూడదట. పనికి అంతరాయం రాకుండా చదువుకే అంతరాయం వచ్చే ఏర్పాటు ఇది. 2023లో మొదలైన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమంలో తొలి విడత ముఖాముఖి శిక్షణ మూడు రోజులు.

అట్లాగని కాలేజీ తలుపు పూర్తిగా మూసి లేదు. తెలంగాణలో డీసెట్ రాసి రెండేళ్ల ప్రీస్కూల్ డిప్లొమాలో చేరొచ్చు, ప్రభుత్వ డైట్‌లలో రిజర్వేషన్ ఉంది. వాడల్లో ఇంటర్ అయిన ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పేవాళ్లు కావాలి, హాస్టల్ వార్డెన్లతో సహా. కానీ డిప్లొమా అయ్యాక ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? రెండు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీ పోస్టుకు చాలాకాలం అడిగింది పదో తరగతి, స్థానిక నివాసం, పెళ్లి. అవును, పెళ్లి కూడా. డిప్లొమా తప్పనిసరి అర్హత కాలేదు, ఉన్నా ప్రత్యేక స్కేలు లేదు. కాబట్టి ఆ పిల్ల పట్నంలో ప్రైవేటు ప్లేస్కూలుకు పోతుంది, వాళ్లు ఎంతిస్తే అంతకు. పదేళ్లుగా వాడలో పిల్లల్ని చూసుకుంటున్న వర్కరు అదే డైట్‌లో రెండేళ్లు కూర్చోవాలంటే జీతంతో సెలవు కావాలి, ఆమె బదులు ఇంకో మనిషి సెంటరుకు రావాలి. ప్రభుత్వ బడి టీచర్లకు జీతంతోనే బి.ఎడ్.కు పంపిన కాలం ఒకటుండేది. వర్కర్ల సంఘాల డిమాండ్ల పత్రాల్లో వేతనం, గ్రాట్యుటీ, పెన్షన్ పక్కన ఈ సెలవు కూడా చేరాలి.