గోధుమ పొట్టు మీద పెరిగిన పరిశ్రమ

గోధుమలు మర ఆడించాక మిగిలే పొట్టు ఎక్కువగా పశువుల దాణాకే పోతుంది. దానితో విస్కీ తయారీ పద్ధతినే మార్చవచ్చని నమ్మి 1890లో అమెరికా చేరాడు జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి తకమినె. ఆయన తల్లిది సాకే తయారుచేసే కుటుంబం. ఉడికిన బియ్యం మీద పెంచే ‘కోజి’ బూజు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేస్తుందని ఆ ఇళ్లలో తరతరాలుగా తెలుసు.

అమెరికా డిస్టిలరీలు అదే పనికి మొలకెత్తించిన బార్లీని, అంటే మాల్టును వాడేవి. దానికి ఖర్చూ ఎక్కువే, రోజులూ ఎక్కువే. ఇలినాయ్‌లోని పియోరియాలో తకమినె ఆవిరి పట్టిన గోధుమ పొట్టు మీద బూజు విత్తనం చల్లించాడు. రెండు రోజుల్లో తెల్లటి నూగు అల్లుకుని పొట్టు గడ్డకడుతుంది, ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. బూజుకు కడుపు ఉండదు. ఎంజైములను బయటికి వదిలి, ఆహారాన్ని అక్కడే కరిగించి పీల్చుకుంటుంది. అందుకే ఆ పొట్టును నీళ్లలో నానబెట్టి వడకడితే చాలు, ఎంజైము నీళ్లలోకి దిగిపోతుంది.

మాల్టు వ్యాపారులకు ఇది మింగుడుపడలేదు. కొన్నాళ్లకే పియోరియాలోని కర్మాగారం అగ్నికి ఆహుతైంది. తకమినె మాత్రం పట్టు వదల్లేదు. వడకట్టిన నీటిలో ఆల్కహాలు కలిపి ఎంజైమును పొడిగా రాబట్టాడు, 1894లో పేటెంట్ పొందాడు. పార్క్-డేవిస్ కంపెనీ దాన్ని ‘టాకా-డయాస్టేస్’ పేరుతో అజీర్తి మందుగా అమ్మింది. జపాన్ రచయిత నత్సుమె సోసెకి నవల ‘నేను పిల్లిని’లో పిల్లిని పెంచే మాస్టారు మింగేది ఈ మందే. పశువుల మేత నుంచి పుట్టిన సరుకు పదేళ్లు తిరిగేసరికి సాహిత్యంలోకి ఎక్కిందంటే దాని వాడకం ఎంతగా పాకిందో ఊహించవచ్చు.

తర్వాత బూజును ద్రవంలో పెంచే పెద్ద స్టీలు ట్యాంకులొచ్చాయి. పొట్టు పరిచిన పళ్లేలు చాలాచోట్ల మూలపడ్డా, జపాన్‌లో నిలిచాయి. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ కూడా ఈ పద్ధతి మీద గట్టిగా పనిచేసింది.

రెండో మలుపు రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడ్డలను తినేస్తున్న ఒక బూజును శాస్త్రజ్ఞులు సేకరించారు. నేటిక్ సైనిక ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దాన్ని ఏళ్ల తరబడి శోధించారు. గుడ్డను తినే ఎంజైము గడ్డినీ, చిత్తుకాగితాన్నీ చక్కెరగా మార్చగలదని తేలింది. 1977లో ఆ బూజుకు రీస్ పేరే పెట్టారు: ట్రైకోడెర్మా రీసీ.

గడ్డిని చక్కెరగా మార్చే ఇలాంటి ఎంజైముల ఆధారంగానే 2022లో పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ప్లాంటు మొదలైంది. ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడం దాని లక్ష్యం. పొలంలో కాల్చేసే గడ్డికి ఇంతకన్నా మంచి దారి ఏముంటుంది? ఇలాంటి ప్లాంట్లకు ఎంజైముల ఖర్చే పెద్ద భారం. అందుకే బూజును ప్లాంటు ఆవరణలోనే, అదే గడ్డి మీద పెంచే ప్రయత్నాలు సాగుతున్నాయి.