నారా నగరంలో ఒక రోజు: ఎక్కడ మొదలుపెట్టాలి, దేనిని విడిచిపెట్టాలి

జపాన్ పర్యటనకు వెళ్లేవారిలో చాలామంది క్యోటోలోనో ఒసాకాలోనో బస చేసి, నారాకు ఒక పూట మాత్రమే కేటాయిస్తారు. పది గంటలు దాటాక రైలు దిగి, జింకలకు బిస్కెట్లు పెట్టి, మహాబుద్ధుని దర్శించుకొని, మధ్యాహ్నానికి తిరుగు రైలు ఎక్కుతారు. అలా చూసినవారికి నారా అంటే జనంతో కిక్కిరిసిన ఒక ఉద్యానవనంగానే గుర్తుండిపోతుంది. 710 నుంచి 784 వరకు, నడుమ కొన్ని సంవత్సరాలు మినహా, జపాన్‌కు రాజధానిగా వెలిగిన ఈ నగరాన్ని ఒక పూర్తి రోజు వెచ్చిస్తే కాలినడకన తృప్తిగా చూడవచ్చు. అందుకు ముందుగా రెండు నిర్ణయాలు తీసుకోవాలి. ఉదయం ఎనిమిది గంటల ప్రాంతానికే అక్కడికి చేరుకోవాలి. నగరం తూర్పు భాగానికే పరిమితం కావాలి.

రెండవ నిర్ణయమే కష్టమైనది. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఎనిమిది ప్రాచీన నారా స్థలాలలో యకుషిజి, తోషోదైజి ఆలయాలు నగరానికి పడమట ఉన్నాయి. ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పురాతన దారు కట్టడాలు గల హోర్యూజి ఆలయం ఇంకా దూరాన ఇకరుగ పట్టణంలో ఉంది. దానికి 1993లోనే విడిగా ఆ గుర్తింపు లభించింది. వీటన్నింటినీ ఒకే రోజులో ఇరికించాలని చూస్తే ఎక్కువ సమయం బస్సుల్లోనే గడిచిపోతుంది. హోర్యూజి కోసం మరో రోజు ఉంచుకోవడమే ఉత్తమం.

ప్రయాణం

క్యోటో నుంచి నారాకు జేఆర్ రైళ్లు, కింతెత్సు అనే ప్రైవేటు సంస్థ రైళ్లు నడుస్తాయి. రెంటిలోనూ ప్రయాణ సమయం సుమారు ముప్పావు గంట. కింతెత్సు ప్రత్యేక ఎక్స్‌ప్రెస్ మరికొంత త్వరగా చేరుస్తుంది. ఒసాకాలోని నంబా నుంచి కూడా కింతెత్సు రైళ్లు ఉన్నాయి. జేఆర్ పాస్ కింతెత్సు రైళ్లలో చెల్లదు. అయినా కింతెత్సు నారా స్టేషన్ ఉద్యానవనానికి బాగా చేరువ; జేఆర్ స్టేషన్ నుంచి అయితే అదనంగా పావుగంట నడవాలి. కింతెత్సు మార్గంలో మరో విశేషం ఉంది. యమాతో-సైదైజి స్టేషన్ దాటగానే రైలు ప్రాచీన హెయిజో రాజప్రాసాదం ఉన్న మైదానం గుండా సాగుతుంది. 2010లో పునర్నిర్మించిన సభామంటపం, 1998లో పునర్నిర్మించిన సుజాకు ద్వారం కిటికీలోంచే కనిపిస్తాయి. సామాను స్టేషన్‌లోని లాకర్లలో ఉంచి బయలుదేరడం మంచిది. రోజంతా కలిపి ఆరేడు కిలోమీటర్లు నడవవలసి ఉంటుంది. అందులో కొంత ఎత్తు ఎక్కడం కూడా.

తోదైజి, ఒక భారతీయ భిక్షువు

మహాబుద్ధుని మందిరం ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఉదయం ఏడున్నరకు, మిగిలిన నెలల్లో ఎనిమిదికి తెరుస్తారు. పర్యాటక బస్సులు రాకముందు లభించే ఆ మొదటి గంట ఎంతో విలువైనది. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే దక్షిణ మహాద్వారం వస్తుంది. దాని ఇరువైపులా ఎనిమిది మీటర్లకు మించిన ఎత్తుతో నిలిచిన ద్వారపాలక విగ్రహాలను 1203లో ఉన్‌కెయి, కైకెయి అనే శిల్పుల బృందం సుమారు రెండు నెలల్లోనే పూర్తి చేసింది. జింకల సందడిలో పడి తలెత్తి చూడకుండా సాగిపోయేవారే ఇక్కడ ఎక్కువ.

735 నుంచి 737 వరకు మశూచి జపాన్‌ను అల్లాడించింది. పాలనను నడిపిన ఫుజివారా సోదరులు నలుగురూ 737లో మరణించారు. అటువంటి దుఃఖకాలం తర్వాత, దేశానికి రక్షణగా వైరోచన బుద్ధుని మహావిగ్రహాన్ని పోతపోయాలని షోము చక్రవర్తి 743లో శాసనం వెలువరించాడు. 752లో జరిగిన నేత్రోన్మీలన మహోత్సవంలో విగ్రహానికి కన్నులు దిద్దినది బోధిసేనుడు అనే భారతీయ భిక్షువు. చైనా మీదుగా 736లో జపాన్ చేరిన ఆయనను అక్కడివారు బ్రాహ్మణ సోజో, అంటే బ్రాహ్మణ మహాచార్యుడు అని పిలిచేవారు. ఆయన కుంచెకు కట్టిన పొడవైన నీలి పట్టుతాడును సభికులు పట్టుకొని ఆ పుణ్యకార్యంలో భాగస్వాములయ్యారు. ఆ కుంచె, ఆ తాడు నేటికీ షోసోయిన్ అనే రాజభాండాగారంలో భద్రంగా ఉన్నాయి.

అయితే బోధిసేనుడు దిద్దిన కన్నులు ఇప్పుడు లేవు. 1180లోనూ 1567లోనూ యుద్ధాగ్నికి మందిరం ఆహుతైంది. సుమారు 15 మీటర్ల ఎత్తున్న విగ్రహపు ప్రస్తుత శిరస్సు 17వ శతాబ్దం చివరిది. ప్రస్తుత మందిరం 1709 నాటిది. సుమారు 86 మీటర్లున్న తొలి కట్టడం వెడల్పు 57 మీటర్లకు తగ్గింది. అంత తగ్గినా దాని ముందు నిలుచున్న మనిషి చీమలా కనిపిస్తాడు. ఎనిమిదో శతాబ్దపు అసలు పనితనం చూడాలంటే రెండు చోట్ల ఆగాలి. ఒకటి విగ్రహం కింది పద్మపీఠపు కొన్ని రేకులు. రెండవది మందిరం ఎదుట ఆరుబయట ఉన్న అష్టకోణ కంచు దీపస్తంభం. దాని పలకలపై వాద్యాలు మోగిస్తున్న బోధిసత్త్వుల శిల్పాలున్నాయి. లోపల ఒక స్తంభానికి ఉన్న రంధ్రంలోంచి దూరే పిల్లల వరుసలో అరగంట నిలబడటం కన్నా ఈ దీపస్తంభం దగ్గర ఐదు నిమిషాలు గడపడం మేలు.

మందిరం వెనుక నుంచి రాతిమెట్ల దారి నిగత్సుదో అనే కొండవాలు ఆలయానికి తీసుకువెళ్తుంది. 752లో మొదలై ఒక్క ఏడాదైనా ఆగలేదని చెప్పే ఒమిజుతోరి ఉత్సవానికి ఇదే వేదిక. మార్చి 1 నుంచి 14 వరకు రాత్రివేళ దీని వసారాలో పెద్ద కాగడాలు పట్టుకొని పరుగెత్తుతారు. వసారాలోకి ప్రవేశ రుసుము లేదు, ద్వారం మూసే వేళ లేదు.

జింకలు, లాంతర్లు

నిగత్సుదో నుంచి వకకుసా కొండ అంచు వెంబడి దక్షిణంగా నడిస్తే 768లో స్థాపించిన కసుగ తైషా అనే షింటో క్షేత్రం వస్తుంది. ఈ దేవాలయపు దేవత తెల్లజింకపై వచ్చాడన్నది పురాణగాథ. అందువల్లనే నారా జింకలు దైవదూతలుగా శతాబ్దాలపాటు రక్షణ పొందాయి. వెయ్యికి మించి ఉన్న ఈ జింకలు ఎవరి పెంపకంలోనివీ కావు; 1957లో ప్రభుత్వం వీటిని సహజ స్మారకంగా ప్రకటించింది. తల వంచి నమస్కరిస్తున్నట్లు కనిపించినా ఇవి అడవి జంతువులే. బిస్కెట్టు చూపించి ఊరించేవారిని కరుస్తాయి, బట్టలు లాగుతాయి. శరదృతువులో మగజింకలకు, వేసవి ఆరంభంలో పిల్లలున్న తల్లులకు దూరంగా ఉండాలి. అక్కడ అమ్మే ప్రత్యేక బిస్కెట్లు తప్ప మరేదీ పెట్టకూడదు. ప్లాస్టిక్ సంచులు మింగి జింకలు మరణించిన సందర్భాలున్నందున చేతిలోని కాగితాలు, సంచులు లోపల దాచుకోవాలి.

కసుగ తైషాలో భక్తులు సమర్పించిన లాంతర్లు రాతివి, కంచువి కలిపి దాదాపు మూడు వేలు. వాటన్నింటినీ వెలిగించేది ఫిబ్రవరి ఆరంభంలోని సెత్సుబున్ నాడు, ఆగస్టు 14, 15 తేదీల్లో మాత్రమే. మిగిలిన రోజుల్లో పాచి పట్టిన రాతిదీపాల మధ్య సాగే అడవి బాటే ఇక్కడి అసలు అందం. క్షేత్రం వెనుక ఉన్న కొండపై వేట, చెట్ల నరికివేత 841 నుంచి నిషిద్ధం. ఒక నగరం పక్కనే ఆదిమారణ్యం నిలిచి ఉండటానికి కారణం అదే.

భోజనం, శాకాహారుల ఇబ్బంది

కొండ దిగి పడమటికి వస్తే నారామాచి వీధులు మొదలవుతాయి. ఒకప్పటి గాంగోజి ఆలయ ప్రాంగణంలో వెలసిన వర్తకుల పేట ఇది. ముందు భాగం ఇరుకుగా, లోపలికి పొడవుగా సాగే చెక్కజాలీల ఇళ్లు, దిష్టి తగలకుండా చూరుకు వేలాడదీసిన ఎర్రని గుడ్డకోతులు ఇక్కడ కనిపిస్తాయి. భోజనానికి అనువైన చోటు కూడా ఇదే. సముద్రతీరం లేని నారాకు ఉప్పుచేపలు కొండదారుల్లో వచ్చేవి. వాటిని అన్నంపై ఉంచి నారింజ రంగు పండ్లు కాసే పెర్సిమన్ చెట్టు ఆకుల్లో చుట్టే సుషి ఇక్కడి ప్రసిద్ధ వంటకం. శాకాహారులు జాగ్రత్త వహించాలి. చూడటానికి కూరగాయలతో చేసినట్లున్న పులుసులు, నూడుల్స్‌లో సైతం ఎండు చేపతో కాచిన దాషి రసం ఉంటుంది. నారాజుకె అనే ఊరగాయ శాకాహారమే గాని, దానిని సాకె మద్యపు పిప్పిలో ఊరబెడతారు. బౌద్ధ శాకాహారమైన షోజిన్ భోజనం దొరికే చోటు ముందే చూసి పెట్టుకోవడమో, వెంట కొంత ఆహారం తీసుకువెళ్లడమో క్షేమం.

మధ్యాహ్నం తర్వాత

1426లో పునర్నిర్మించిన కోఫుకుజి ఐదంతస్తుల గోపురం 50 మీటర్ల ఎత్తుతో నారాకు చిహ్నంగా నిలిచింది. నూరేళ్లకు పైగా తర్వాత చేపట్టిన భారీ మరమ్మతు కారణంగా దాని చుట్టూ పరంజా కట్టి కప్పివేశారు. పని పూర్తికావడానికి ఇంకా సంవత్సరాలు పడుతుంది. ఫొటో కోసమే వెళ్లేవారికి నిరాశ తప్పదు. కానీ పక్కనే ఉన్న జాతీయ నిధుల ప్రదర్శనశాలను విడిచిపెట్టరాదు. మూడు ముఖాలు, ఆరు చేతులతో 734లో రూపొందిన అషురా విగ్రహం అందులో ఉంది. భారతీయ పురాణాల అసురుడే ఈ అషురా. ఇక్కడ అతడు రాక్షసుడిగా కాక, కనుబొమలు కాస్త ముడిచిన సన్నని బాలుడిగా, బుద్ధధర్మానికి కావలివాడిగా కనిపిస్తాడు. లోపల బోలుగా ఉండే లక్కపూత విధానంలో చేసినది కావడంతో విగ్రహం చాలా తేలిక. అగ్నిప్రమాదాల వేళ బయటకు మోసుకుపోవడానికి వీలైనందువల్లనే అది నేటికి మిగిలింది. ప్రదర్శనశాల ఐదు గంటలకు మూసివేస్తారు గనుక మూడున్నరలోపు చేరడం మంచిది.

అక్టోబరు చివర, నవంబరు ఆరంభంలో వెళ్లేవారికి నారా జాతీయ మ్యూజియంలో షోసోయిన్ నిధుల వార్షిక ప్రదర్శన అదనపు అవకాశం. సుమారు రెండు వారాలే జరిగే దానికి టికెట్లు ముందుగా తీసుకోవాలి. ఆ రోజు నారామాచిని వదులుకోక తప్పదు.

ఐదు గంటల తర్వాత బస్సులు వెళ్లిపోయి వీధులు ఖాళీ అవుతాయి. కాళ్లలో ఓపిక ఉన్నవారు అప్పుడు తిరిగి నిగత్సుదో మెట్లెక్కవచ్చు; స్టేషన్ నుంచి అరగంట నడక. పడమటి కొండల వెనుక సూర్యుడు దిగుతుండగా మహామందిరపు పైకప్పు, దాని ఆవల నగరం మసకబారుతూ కనిపిస్తాయి. తిరుగుదారిలో దీపాలు తక్కువ గనుక చిన్న టార్చి దగ్గర ఉంచుకోవాలి. క్యోటో, ఒసాకాలకు రైళ్లు రాత్రి పొద్దుపోయేవరకు ఉంటాయి.